కెనెడీ బెదిరించాడు సరే, క్రుశ్చేవ్‌కు ఏమిచ్చాడు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్నారు. అమెరికా విదేశాంగ విధానంలో దౌత్యం, బలం అనే రెండు సాధనాల్లో ఏది అసలు పని చేస్తుందని అడిగారు. 1962 క్యూబా క్షిపణి సంక్షోభంలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ యుద్ధనౌకలు దింపాడు కాబట్టే సోవియట్ నేత క్రుశ్చేవ్ వెనక్కి తగ్గాడని మీ సార్ చెప్పారట. అదే నిజమైతే దౌత్యం పైపై ముస్తాబు మాత్రమే కదా అన్నది మీ అనుమానం.

మీ సార్‌ను తప్పుపట్టలేను. 1983లో డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం లెక్చరర్‌గా చేరినప్పటి నుంచి చాలా ఏళ్లు నేనూ అచ్చం అలాగే చెప్పాను. అప్పుడు మాకు దొరికిన పుస్తకాల్లో అదే ఉండేది. అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి డీన్ రస్క్ అన్న మాటను బోర్డు మీద రాసేవాణ్ణి: ఇద్దరం కళ్లలో కళ్లు పెట్టి చూసుకున్నాం, అవతలివాడే రెప్ప వేశాడు అని. పిల్లలు నోట్స్ రాసుకునేవాళ్లు. ఆ నోట్స్‌తో పరీక్షలు రాసి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అందులో సగం కథే ఉందని నాకు తెలిసేసరికి 1990ల చివరి రోజులు. కెనెడీ తన గదిలో రహస్యంగా రికార్డు చేయించిన సమావేశాల టేపులు అచ్చులోకి వచ్చాక, సోవియట్ వైపు కాగితాలు బయటపడ్డాక, సంక్షోభం నడిచిన ఆ 13 రోజులను మళ్లీ మొదటి నుంచి చదువుకోవాల్సి వచ్చింది. అందుకే మీ ప్రశ్నకు కాస్త పొడుగ్గా జవాబు రాస్తున్నాను.

అక్టోబర్ 14న యూ-2 గూఢచారి విమానం క్యూబా మీదుగా ఎగిరి ఫొటోలు తీసింది. వాషింగ్టన్‌ను అందుకోగల సోవియట్ క్షిపణులకు అక్కడ స్థావరాలు కడుతున్నారని వాటిలో తేలింది. 16వ తేదీ ఉదయం ఆ సంగతి కెనెడీకి చెప్పారు. మొదటి రోజు కెనెడీ పిలిచిన సలహాదారుల్లో ఎక్కువమంది మొగ్గు విమానదాడి వైపే. టేపుల్లో మొదట కెనెడీ మాట కూడా అలాగే వినిపిస్తుంది. ఆరు రోజులు ఎవరికీ చెప్పకుండా చర్చించుకున్నారు కాబట్టే ఆ ఆవేశం దిగింది. మొదటి రోజే పత్రికలకు తెలిసిపోయి ఉంటే ఆ ఆలోచనకు సమయం దొరికేది కాదు.

19వ తేదీన సైనికాధిపతులు కెనెడీని కలిశారు. వైమానిక దళాధిపతి కర్టిస్ లెమే మొహం మీదే అన్నాడు, దాడి చేయకుండా నౌకలతో దిగ్బంధించి సరిపెట్టడం 1938లో మ్యూనిక్‌లో హిట్లర్‌కు లొంగిపోవడానికి ఏమీ తీసిపోదని. కెనెడీ తండ్రి ఆ రోజుల్లో లండన్‌లో అమెరికా రాయబారి, హిట్లర్‌తో రాజీనే సమర్థించినవాడు. ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో ఊహించుకోవచ్చు. అయినా కెనెడీ లొంగలేదు. ఏడాదిన్నర కింద, 1961 ఏప్రిల్‌లో, సీఐఏ చెప్పిందని నమ్మి సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసులను క్యూబా తీరంలోని బే ఆఫ్ పిగ్స్‌లో దింపి, మూడు రోజుల్లో పరువు పోగొట్టుకున్న అనుభవం ఆయనకుంది. నిపుణులు ధీమాగా చెప్పారు కదా అని ముందుకు దూకడం అక్కడితో మానుకున్నాడు.

చివరికి ఎంచుకున్నది నౌకాదళంతో అడ్డగించడం. దానికి పెట్టిన పేరు చూడండి. అంతర్జాతీయ న్యాయంలో దిగ్బంధం అంటే యుద్ధచర్య. అందుకని 'క్వారంటైన్' అన్నారు. కోవిడ్ రోజుల్లో మనందరి నోటా నానిన మాటే. పేరు మార్చి ఊరుకోలేదు. అక్టోబర్ 22న టీవీలో ప్రకటించాక, మర్నాడే అమెరికా ఖండాల దేశాల సంస్థతో తీర్మానం చేయించారు. దాంతో అది ఒక్క అమెరికా చేస్తున్న పని కాకుండా ఆ ప్రాంతమంతా కలిసి చేస్తున్న పని అయింది. పాత విదేశాంగ మంత్రి డీన్ ఆచిసన్‌ను పారిస్ పంపి ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌కు విషయం వివరించారు. ఫొటోలు చూపించబోతే, అమెరికా అధ్యక్షుడి మాట చాలు, ఫొటోలు అక్కర్లేదన్నాడు డిగాల్. అమెరికా మాటంటే ప్రతిదానికీ పేచీ పెట్టే మనిషి ఆయన! నౌకలు కదలకముందే చేసిన ఈ పనంతా దౌత్యమే. దీన్ని తీసేస్తే ఆ నౌకలు సముద్రం మీద దౌర్జన్యం చేస్తున్నట్టే కనిపించేవి.

24వ తేదీ ఉదయం 10 గంటలకు క్వారంటైన్ అమల్లోకి వచ్చింది. రస్క్ రెప్పవేయడం మాట ఆ రోజుదే. నిజానికి క్షిపణులు మోసుకొస్తున్న సోవియట్ ఓడలు అప్పటికే వెనక్కి తిరిగిపోయాయి, అమెరికా నౌకలకు వందల మైళ్ల దూరంలో ఉన్నాయి. ఆ వార్త వాషింగ్టన్‌కు ఆలస్యంగా చేరింది. కళ్లలో కళ్లు పెట్టి చూసుకున్న ఘట్టం సముద్రం మీద జరగనే లేదు.

ఆ రోజు రాత్రి రక్షణ మంత్రి మెక్‌నమారా పెంటగాన్‌లో నౌకాదళ కంట్రోల్ రూమ్‌కు వెళ్లి, సోవియట్ ఓడ ఆగకపోతే ఏం చేస్తారని నౌకాదళాధిపతి అడ్మిరల్ ఆండర్సన్‌ను అడిగాడు. ఆ పని మాకు ఎప్పటి నుంచో తెలుసు, మీరు మీ ఆఫీసుకు వెళ్లండి, మేం చూసుకుంటాం అన్నట్టు జవాబిచ్చాడాయన. ఇది మామూలు దిగ్బంధం కాదు, కెనెడీ క్రుశ్చేవ్‌తో మాట్లాడుతున్న పద్ధతి ఇది, నా అనుమతి లేకుండా ఒక్క గుండు పేలకూడదు అని తాను గట్టిగా చెప్పానని మెక్‌నమారా తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. మీ జవాబులో ఏదైనా ఒక్క సంఘటనే రాయాల్సి వస్తే ఇదే రాయండి. అడ్మిరల్‌కు ఓడ ఆపడమే పని. మంత్రికి ఓడ ఆపడమంటే అవతలివాడికి ఒక కబురు పంపడం.

ఆ కబురును ఎంత చూసి చూసి పంపారో చెబుతాను. మొదట వచ్చిన బుఖారెస్ట్ అనే సోవియట్ చమురు ట్యాంకర్‌ను పోనిచ్చారు. 26న ఆపి, ఎక్కి, తనిఖీ చేసిన మొదటి ఓడ మరూక్లా. సోవియట్ సరుకు మోస్తోంది కానీ, ఎగరేసింది లెబనాన్ జెండా. అంటే, ఓడలు ఆపుతామన్న మాట చేతల్లో చూపించారు, సోవియట్ జెండాను మాత్రం అవమానించలేదు. మనవైపు పాము చావకుండా కర్ర విరగకుండా అంటారే, అది ఇక్కడ అక్షరాలా కనిపిస్తుంది.

ఆ సాయంత్రం క్రుశ్చేవ్ నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. యుద్ధమనే ముడి వేసిన తాడును మనం చెరోవైపు లాగకూడదు, లాగినకొద్దీ ముడి బిగుసుకుంటుంది, చివరికి వేసినవాడు కూడా విప్పలేడు అని రాశాడు. క్యూబా మీద దాడి చేయబోమని మాటిస్తే క్షిపణుల అవసరం ఉండదన్నది అందులో సారాంశం. మాస్కో నుంచి వాషింగ్టన్‌కు ఆ ఉత్తరం పూర్తిగా చేరడానికి దాదాపు 12 గంటలు పట్టింది. అటు వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి డొబ్రీనిన్ పరిస్థితి ఇంకా దారుణం. ఆయన మాస్కోకు పంపాల్సిన సంకేత టెలిగ్రామ్‌ను వెస్టర్న్ యూనియన్ అనే టెలిగ్రాఫ్ కంపెనీ కుర్రాడు సైకిల్ మీద వచ్చి తీసుకెళ్లేవాడు. దారిలో ఏ అమ్మాయితోనో కబుర్లకు ఆగకుండా నేరుగా వెళ్తే బాగుండునని ఎంబసీలో అందరూ దేవుణ్ణి వేడుకునేవాళ్లమని ఆయన తర్వాత రాసుకున్నాడు. అణుబాంబులు నిమిషాల్లో చేరతాయి, వాటిని ఆపే మాట సైకిల్ మీద పోతోంది. ఆ వాక్యం మొదటిసారి చదివిన రోజు నాకు సరిగా నిద్ర పట్టలేదు. మర్నాటి ఏడాది, 1963లో, రెండు రాజధానుల మధ్య హాట్‌లైన్ పెట్టుకోవడానికి కారణం ఇదే. అది ఫోన్ కాదు, టెలిప్రింటర్. పరీక్షలో చాలామంది ఎర్ర టెలిఫోన్ అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

ఇక 27వ తేదీ, శనివారం. ఉదయం మాస్కో రేడియోలో రెండో ఉత్తరం చదివారు. టర్కీలో మీరు పెట్టిన జూపిటర్ క్షిపణులు కూడా తీసెయ్యండి అని కొత్త షరతు. మధ్యాహ్నానికి క్యూబా మీద యూ-2 విమానాన్ని కూల్చేశారు, పైలట్ మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ చనిపోయాడు. మాస్కో అనుమతి లేకుండా అక్కడి సోవియట్ అధికారులే ఆ పని చేశారు. అదే రోజు ఇంకో యూ-2 దారితప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లింది. సముద్రంలో అమెరికా నౌకలు బీ-59 అనే సోవియట్ జలాంతర్గామిని పైకి రప్పించడానికి నీళ్లలో చిన్న పేలుళ్లు చేశాయి. అవి హెచ్చరిక సంకేతాలని మాస్కోకు ముందే కబురు పంపారు గానీ, జలాంతర్గామిలో ఉన్నవాళ్లకు అది చేరలేదు. లోపల ఒక అణు టార్పెడో ఉందని అమెరికా నౌకలకూ తెలియదు. వేడికి, ఊపిరాడక అల్లాడుతున్న ఆ సిబ్బందిలో కెప్టెన్‌ను శాంతింపజేసింది వసీలీ ఆర్ఖిపోవ్ అనే అధికారి అని వాళ్లలో ఒకరు తర్వాత చెప్పారు.

బలం గురించి మాట్లాడేవాళ్లు మర్చిపోయే సంగతి ఈ ఒక్క రోజులోనే మూడుసార్లు కనిపిస్తుంది. పైన కూర్చున్నవాడు బలాన్ని వేళ్లతో లెక్కబెట్టి వాడదామనుకుంటాడు. కింద పైలట్, కెప్టెన్, క్షిపణి బ్యాటరీ కమాండర్ తమ తమ టెన్షన్లో ఏం చేస్తారో అతని చేతిలో ఉండదు. 1992లో హవానాలో జరిగిన సదస్సులో మెక్‌నమారాకు ఇంకో సంగతి తెలిసింది. అప్పట్లో క్యూబాలో 40 వేలకు పైగా సోవియట్ సైనికులు ఉన్నారు, దండెత్తి వచ్చే సైన్యం మీద వాడటానికి తక్కువ దూరం వెళ్లే అణ్వాయుధాలు కూడా ఉన్నాయి. లెమే మాట విని ఉంటే అమెరికా సైన్యం నేరుగా వాటి ముందు దిగి ఉండేది.

ఆ శనివారం సమావేశంలో కెనెడీ పదేపదే ఒకే మాట అంటాడు: టర్కీ క్షిపణుల బేరంతో తప్పించుకోగలిగిన యుద్ధాన్ని మనం చేస్తే ప్రపంచానికి ఏం చెప్పుకుంటాం? గదిలో చాలామంది ఒప్పుకోలేదు. మాస్కోలో రాయబారిగా పనిచేసి, క్రుశ్చేవ్‌ను దగ్గరగా ఎరిగిన లూయెలిన్ థాంప్సన్ కూడా టర్కీ బేరం వద్దన్నాడు. కానీ ఆయన చెప్పిన ఇంకో మాటే మొత్తం తాళానికి చెవి. క్రుశ్చేవ్‌కు కావాల్సింది 'నేను క్యూబాను కాపాడాను, దాడిని ఆపాను' అని తనవాళ్లకు చెప్పుకోగలగడం, అది ఇస్తే దిగివస్తాడు అన్నాడు. ఎన్ని బాంబులున్నాయన్న లెక్కతో ఇది తేలదు, అవతలి మనిషితో కలిసి తిరిగినవాడే చెప్పగలడు. రాయబారులకు జీతాలిచ్చి ఏళ్ల తరబడి పరదేశంలో ఉంచేది ఇందుకే.

ఆ రాత్రి అధ్యక్షుడి తమ్ముడు, అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ న్యాయశాఖలోని తన ఆఫీసుకు డొబ్రీనిన్‌ను పిలిపించాడు. సైన్యాధికారుల ఒత్తిడి పెరుగుతోంది, వ్యవధి లేదు, రేపటికల్లా జవాబు కావాలి అన్నాడు. ఇది దండం. క్యూబా మీద దాడి చేయబోమని బహిరంగంగా మాటిస్తాం, టర్కీ క్షిపణులు నాలుగైదు నెలల్లో తీసేస్తాం, కానీ ఈ రెండోది బయటికి పొక్కితే ఒప్పందం లేనట్టే అన్నాడు. ఇది దానం. సామ దాన భేద దండాలను మనం మెట్ల వరసలా చెప్పుకుంటాం, ఒకటి పనిచేయకపోతే ఇంకొకటని. ఇక్కడ ఒకే గదిలో, ఒకే మనిషి నోట, ఒకే సంభాషణలో రెండూ వచ్చాయి. మర్నాడు, 28న, క్షిపణులు విప్పేస్తున్నామని మాస్కో రేడియో ప్రకటించింది.

రెండు రోజులకు ఇంకో చిన్న సంఘటన. టర్కీ మాటను కాగితం మీద పెడుతూ క్రుశ్చేవ్ పంపిన ఉత్తరాన్ని డొబ్రీనిన్ తెచ్చి ఇస్తే, రాబర్ట్ కెనెడీ దాన్ని వెనక్కి ఇచ్చేశాడు. ఇలాంటి ఉత్తరం ఎప్పటికైనా బయటపడితే తన రాజకీయ భవిష్యత్తే దెబ్బతింటుందన్నాడు. మాట మాత్రం తప్పలేదు. 1963 ఏప్రిల్‌కల్లా టర్కీలోని 15 జూపిటర్లూ దిగిపోయాయి. తమ నేల మీద క్షిపణులతో బేరం కుదిరిందని టర్కీకి చెప్పలేదు. ఇటు తనను అడక్కుండా క్షిపణులు తీసేశారని క్యూబా నేత కాస్ట్రో మండిపడి, ఐక్యరాజ్యసమితి తనిఖీలను రానివ్వలేదు. పెద్దలు చేతులు కలిపినప్పుడు చిన్నవాళ్లకు కబురు చివర్న వస్తుంది. ఇందులో న్యాయం ఉందని నేననను.

ఇప్పుడు మీ సార్ చెప్పిన కథ ఎక్కడ పుట్టిందో అర్థమవుతుంది. బేరంలో సగాన్ని దాచేశారు కాబట్టి లోకానికి మిగిలింది బెదిరింపు సగమే. రాబర్ట్ కెనెడీ చనిపోయాక వచ్చిన ఆయన జ్ఞాపకాల పుస్తకంలో ఆ ఒప్పందం సంగతి ఉన్నదున్నట్టు రాకుండా తానే దిద్దానని, కెనెడీ ప్రసంగాల రచయిత టెడ్ సోరెన్సెన్ 1989లో మాస్కో సదస్సులో ఒప్పుకున్నాడు. దాదాపు 27 ఏళ్లు!

ఈ దాపరికానికి చెల్లించిన ధర వియత్నాంలో కనిపిస్తుందని నా గట్టి అభిప్రాయం. 27 రాత్రి టర్కీ బేరం నిర్ణయించిన చిన్న సమావేశంలో ఉపాధ్యక్షుడు లిండన్ జాన్సన్ లేడు. ఏడాది తర్వాత ఆయనే అధ్యక్షుడయ్యాడు. ఒత్తిడి మెట్టుమెట్టుగా పెంచితే అవతలివాడు దిగొస్తాడన్న పాఠమే క్యూబా నుంచి ఆయన పట్టుకున్నాడు. 1965 మార్చిలో ఉత్తర వియత్నాం మీద రోలింగ్ థండర్ పేరుతో బాంబుదాడులు మొదలుపెట్టి 1968 నవంబర్ దాకా సాగించారు. కొంత పెంచడం, కొన్నాళ్లు ఆపి చూడడం, మళ్లీ పెంచడం. క్వారంటైన్‌లో వాడిన లెక్కే. కానీ ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్‌కు ఇవ్వజూపింది ఏమిటి? దేశాన్ని ఏకం చేసుకోవాలన్న లక్ష్యాన్నే వదులుకొమ్మన్నారు. థాంప్సన్ చెప్పిన ఆ 'నావాళ్లకు చెప్పుకోగలిగిన మాట' అక్కడ లేదు. 1966 డిసెంబర్‌లో పోలండ్ మధ్యవర్తిత్వంతో మాటలు మొదలయ్యే వేళకే హనోయ్ చుట్టూ బాంబులు పడ్డాయి, ఆ దారీ మూసుకుపోయింది. మాట్లాడించే చేయికీ బాంబు వేసే చేయికీ పొంతన లేదు.

అలాగని బలం ఎందుకూ పనికిరాదని రాయకండి. క్యూబా చుట్టూ నౌకలు లేకపోతే క్రుశ్చేవ్ ఆ ఉత్తరం రాసేవాడే కాదు. బోస్నియా అంతర్యుద్ధంలో 1995 ఆగస్టు చివర్లో నాటో బాంబుదాడులు మొదలయ్యాకే సెర్బులు బల్ల దగ్గరికొచ్చారు. వచ్చాక మాత్రం అమెరికాలోని డేటన్‌లో దౌత్యవేత్త రిచర్డ్ హోల్‌బ్రూక్ మూడు వారాలు కూర్చోబెట్టి మాట్లాడితేనే ఒప్పందమైంది.

మన దేశం సంగతి కూడా అడిగారు. సరిగ్గా క్యూబా గొడవ నడుస్తున్నప్పుడే, అక్టోబర్ 20న, చైనా మన మీద దాడి చేసింది. వాషింగ్టన్ అంతా క్యూబాలో మునిగిపోతే, ఢిల్లీలో అమెరికా రాయబారి గాల్‌బ్రెయిత్ చాలా నిర్ణయాలు తానే తీసుకోవాల్సి వచ్చింది. చైనాతో మనకు మెక్‌మహన్ రేఖే సరిహద్దని అమెరికా తరఫున బహిరంగంగా చెప్పింది ఆయనే. నవంబర్‌లో ఆయుధాలు దిగాయి. ఢిల్లీకి అమెరికా మీద అంత సదభిప్రాయం మళ్లీ చాలా కాలం కలగలేదు.

దాన్ని ఎలా పోగొట్టుకున్నారో నా చిన్నతనంతో ముడిపడి ఉంది. 1960ల చివర్లో మా ఊరి బడిలో మధ్యాహ్నం పాలపొడి కలిపిన పాలు, ఉప్మా పెట్టేవాళ్లు. అమెరికా నుంచి వచ్చిన సరుకు. సంచుల మీద చేతులు కలిపిన బొమ్మ ఉండేది. ఆ గ్లాసు పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు ఇదంతా ఎందుకొస్తోందో మాకేం తెలుసు? పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద వచ్చే గోధుమల్ని 1965-66 కరువు రోజుల్లో జాన్సన్ నెలనెలా తన చేత్తో కొద్దికొద్దిగా వదిలేవాడు. వ్యవసాయ విధానం మార్చుకోవాలన్న ఒత్తిడి ఒకటి, వియత్నాం మీద భారత్ విమర్శలంటే మంట ఒకటి. మొదటిది ఫలించింది. 1965 నవంబర్‌లో రోమ్‌లో మన వ్యవసాయ మంత్రి సి.సుబ్రహ్మణ్యం అమెరికా వ్యవసాయ మంత్రి ఫ్రీమన్‌తో ఒప్పందం చేసుకున్నారు, ఆయనకూ ఆ సంస్కరణలు ముందే కావాలి. 1966లో మెక్సికో గోధుమ విత్తనాలు 18 వేల టన్నులు తెప్పించారు. రెండోది పూర్తిగా బెడిసికొట్టింది. ఆకలిని అడ్డం పెట్టుకుని నోరు మూయించాలని చూశారన్న బాధ ఢిల్లీలో నాటుకుపోయింది. 1966 జులైలో ఇందిర మాస్కో వెళ్లి వియత్నాం మీద బాంబుదాడులు ఆపాలన్న ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశారు. అయిదేళ్ల తర్వాత సోవియట్‌తో మైత్రీ ఒప్పందం. ఆ డిసెంబర్‌లో, బంగ్లాదేశ్ యుద్ధం నడుస్తుండగా, అధ్యక్షుడు నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతం వైపు పంపితే, ఢాకా ఫలితం మారలేదు. డిసెంబర్ 16నే పాక్ సైన్యం లొంగిపోయింది. ఆ నౌక వెంట మనకు వచ్చిన ప్రతిపాదన ఒక్కటీ లేదు.

కాబట్టి 'దౌత్యమా, బలమా' అని రెండు పేరాలు విడగొట్టి రాయకండి. క్యూబా, వియత్నాం, ఎంటర్‌ప్రైజ్ మూడింటినీ తీసుకుని ఒకే ప్రశ్న వేయండి: బలం చూపిన రోజున, అవతలివాడు పరువుతో వెనక్కి తగ్గడానికి అమెరికా ఏమిచ్చింది? 250 పదాల్లో ఇది పడుతుంది. తేదీలు నాలుగు చాలు: అక్టోబర్ 16, 22, 27, 28. రస్క్ మాట రాస్తే, ఆ పక్కనే టర్కీలోని 15 జూపిటర్లు కూడా రాయండి.